శౌరమ్మకు ఎవరు ఎదురొస్తారు?

గుణదలలో శౌరమ్మ ఉండే సందులో ఎవరు మంచి పని మీద బయల్దేరినా ముందు ఆమె తలుపు తట్టాల్సిందే. "శౌరమ్మా, కాస్త ఎదురు రామ్మా!" అనడమే ఆలస్యం, పొయ్యి మీది పులుసు సిమ్‌లో పెట్టి, నాలుగిళ్ళ అవతలికి నడిచి, అక్కణ్ణుంచి నవ్వుకుంటూ ఎదురొచ్చేది. పెళ్ళిచూపులు, ఇంటర్వ్యూలు, ఆపరేషన్లు, అన్నిటికీ ఆమే. ఆదివారం చర్చిలో పూజ తప్పని మనిషికి ఈ శకునాల గొడవేమిటని ఫాదర్ గారు మందలిస్తే, "నేను నమ్మనండీ, వాళ్ళు నమ్ముతారు. నా సొమ్మేం పోయింది?" అనేది. నిజం చెప్పాలంటే ఆ పిలుపంటే ఆమెకు మహా ఇష్టం.

ఆమె ఎదురొచ్చినా ఆ సందులోని కుర్రాడు చక్రి ఇంజనీరింగ్ పరీక్ష మళ్ళీ పోయింది. "వాడు పుస్తకం తియ్యకపోతే నువ్వేం చేస్తావే?" అని తేల్చేసింది పక్కింటి సుబ్బరత్నం. పాసైతే శౌరమ్మ గొప్ప, ఫెయిలైతే వాడి ఖర్మ. ఇంత సుఖమైన హోదా ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి!

అలాంటి శౌరమ్మకే చిక్కొచ్చి పడింది. భర్త బాలశౌరి మోకాళ్ళు అరిగిపోయి, ఆటో ఇంటిముందు దుమ్ము కొట్టుకుపోతోంది. "నేను నడుపుతా" అంది. నేర్చుకుంది కూడా. తీరా లైసెన్సు టెస్టు రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని చూసేసరికి చేతులు వణికి, ఆటో కాస్తా గీత దాటి గడ్డిలోకి పోయింది. రెండోసారి కూడా పోతే ఆటో అమ్మేయడమే అన్నాడు బాలశౌరి. అమ్మేశాక ఇల్లు గడిచేదెలాగో ఇద్దరికీ తెలియదు.

ఇక చూడండి, నమ్మను నమ్మను అన్న మనిషికి భయం పట్టుకుంది. ఊరందరికీ ఎదురొచ్చాను, మరి నాకెవరొచ్చారు? తనకు తాను ఎదురు రాలేదు కదా పాపం! సంగతి తెలిసి సందంతా పోటీ పడింది. రామకోటేశ్వరరావు గారైతే తను ఎదురొస్తే ఒకాయన సర్పంచి అయిపోయాడని ఒకటే గొప్పలు.

శౌరమ్మ అందర్నీ కాదని సుబ్బరత్నం గుమ్మంలో నిలబడింది. భర్త పోయినప్పటినుంచీ సందులో ఎవరు బయల్దేరుతున్నా సుబ్బరత్నం తలుపు వెనక్కి తప్పుకునేది. తప్పుకోమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.

"పిన్నిగారూ, రేపు మీరే ఎదురు రావాలి."

"నేనా? నీకేమన్నా మతిపోయిందా? బంగారంలాంటి పని మీద పోతా..."

"నేను నేర్చుకునేప్పుడు ధైర్యంగా వెనక కూర్చుంది మీరొక్కరేనండీ. మా ఆయనే ఎక్కలా! మీ మొహం చూస్తే నా చేతులు వణకవు."

"ఫెయిలైతే? నావల్లే అంటారే తల్లీ."

"ఫెయిలైతే నా క్లచ్చు తప్పు. పాసైతే మీ ఎదురు. ఆ లెక్క నేర్పింది మీరేగా!"

సుబ్బరత్నానికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

తెల్లారింది. బీరువాలో దాచిన మంగళగిరి చీర కట్టుకుని సుబ్బరత్నం సందు చివర్నుంచి బయల్దేరింది. మొదట తల వంచుకునే నడిచింది. జనం గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. సగం దూరం వచ్చాక తలెత్తి శౌరమ్మను చూసి నవ్వింది. ఆ నవ్వుతో శౌరమ్మ గుండెల్లో దడ కాస్తా దిగిపోయింది. మన కోసం ఒక మనిషి పని మానుకుని నవ్వుతూ నడిచి రావడం! ఇన్నాళ్ళూ వీళ్ళంతా నా దగ్గర పట్టుకెళ్ళింది ఇదా అనుకుంది.

మధ్యాహ్నానికి సందంతా అదిరేలా హారన్ కొట్టుకుంటూ వచ్చింది. వెనక సీట్లో బాలశౌరి ఇంకా కళ్ళు తెరవలేదు. "పాసయ్యానండోయ్!" అన్న కేకకు పిల్లలు ఆటో చుట్టూ మూగారు.

మర్నాడు ఎదురింటి మనోజ్ఞ బ్యాంకు ఇంటర్వ్యూకి తయారైంది. తననే పిలుస్తుందని శౌరమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆ పిల్ల ఆమెకు ఒక నవ్వు పారేసి, ముందుకు పోయి, సుబ్బరత్నం తలుపు కొట్టింది. "మామ్మగారూ, కాస్త ఎదురొస్తారా?"

లోపల్నుంచి సుబ్బరత్నం గొంతు సందు చివరిదాకా వినిపించింది.

"ఉండవే పిల్లా, వెళ్ళిపోకు, వస్తున్నా!"