ఎవరూ నమ్మని తలనొప్పి

నా చిన్నప్పుడు మా ఇంట్లో తలనొప్పి అన్న మాట ఎత్తితే వీపు మోగేది. నాలుగో తరగతిలో ఉన్నాను. పొద్దున లేస్తూనే తల పగిలిపోయేది, వాంతయ్యేది. మధ్యాహ్నానికి కాస్త తగ్గేది. ఆ తగ్గడమే నా కొంప ముంచింది. బడి ఎగ్గొట్టడానికి వేషాలని మా తాతయ్య తేల్చేశాడు. నాయన లారీతో ఎప్పుడూ ఊళ్లమీదే. తాతయ్య గొంతు వింటేనే అమ్మకు వణుకు.

పక్కింటి అక్క తిరుపతిలో నర్సు. నేను నడుస్తూ గుమ్మానికి భుజం కొట్టుకోవడం ఆమె రెండు మూడు సార్లు చూసింది. ఒక సెలవురోజు ఆడుకుందాం రమ్మని పిలిచి, మా వాకిట్లో ముగ్గుపిండితో పొడుగ్గా గీత గీసింది. దాని మీద తప్పకుండా నడిస్తే జామకాయ ఇస్తానంది. ఒళ్లంతా బిగబట్టి నడిచాను. మూడుసార్లూ ఎడమకే ఒరిగిపోయాను.

అరుగు మీద తాతయ్య చూస్తూనే ఉన్నాడు. అక్క ఆయన వైపు తిరిగింది.

"సూసినావా తాతా? కాయ మీద ఆశుండే బిడ్డ కావాలని తప్పుతుందా?"

"మా బిడ్డకు రోగమని పేరు పెట్టేదానికి నువ్వెవురే? ఇంకోసారి ఈడికొస్తే కాళ్లిరగ్గొడతా."

"ఇరగ్గొట్టు. రేపు నేనే పిల్చుకోని పోతా."

మరునాడు తాతయ్య చేనికి పోగానే అమ్మ నన్ను తీసుకుని అక్క వెంట తిరుపతి బస్సెక్కింది. ఆస్పత్రిలో తీసిన స్కాన్‌లో మెదడును నొక్కుతున్న నీటి తిత్తి కనిపించింది. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి, కొసన కెమెరా ఉన్న సన్నని గొట్టం లోపలికి పంపి, తిత్తి గోడకు దారి చేస్తామన్నాడు డాక్టరు. ఆ నీళ్లు తల లోపలి మామూలు దారిలో కలిసిపోతాయట. సంగతి తెలిసి తాతయ్య వార్డులోకొచ్చి అరిచాడు. ఆపరేషన్‌కు సంతకం పెడితే ఇంటికి రావద్దన్నాడు. అయినా అమ్మ పెట్టింది.

నాయన వచ్చి గొడవపడితేగాని తాతయ్య మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. నా తలనొప్పి పోయింది, నడక చక్కబడింది. తాతయ్య మాత్రం దిగిరాలేదు. చచ్చేదాకా అక్కతో మాట్లాడలేదు. నన్ను కొట్టినందుకు ఒక్క మాటా అనలేదు. ఆయన్ని క్షమించావా అని మా పిల్లలు అడుగుతారు. లేదనే చెబుతాను.

ఇప్పుడు నేను పంతులమ్మను, జుట్టు నెరిసింది. తరగతిలో ఏ బిడ్డయినా తల నొస్తోందంటే సుద్దముక్క పక్కన పెట్టి దగ్గర కూర్చుంటాను. ముందు నమ్ముతాను. చాలాసార్లు అది అబద్ధమే అవుతుంది. మోసపోతాను. ఫర్వాలేదు.