అడవి పగడాలు, గడ్డి ముడి

1957లో ఆషాఢమంతా ఆళ్లగడ్డ వైపు నల్లమలలో వాన పడుతూనే ఉంది. ఆ వానకు వెదురు పొదల కింద, ఆకులు కుళ్ళిన మెత్తటి నేలలో, గొడుగు లేని పుట్టగొడుగులు లేచాయి. గొడుగుకు బదులు కొమ్మలు, కొమ్మలకు మళ్ళీ సన్నటి కొమ్మలు. లేత పసుపు రంగు. చెంచు గూడెంలో అందరూ కొమ్ముగొడుగులనేవారు. మద్దయ్య మాత్రం పగడాలనేవాడు. నంద్యాల అంగట్లో పగడాల దండ చూశాడు. అవి సముద్రం అడుగున ఇట్లాగే కొమ్మలేసుకుని మొలుస్తాయని ఎవరో అంటే విని, ఇంటికొచ్చి భార్య తిరుపాలమ్మకు చెప్పాడు.

ఆమె సముద్రం చూడలేదు. అయినా ఆనాటి నుంచి వాన పడితే చాలు, అడవి నీళ్ళ అడుగుకు దిగిపోయినట్టు, ఆ అడుగున తాను నడుస్తున్నట్టు ఉండేది.

ఆ మద్దయ్యే వెదురు బండ్లతో నంద్యాల స్టేషనుకు పోయి తిరిగి రాలేదు. వెదురెక్కించిన గూడ్సులోనే ఎక్కి పోయాడన్నారు. చచ్చాడని ఎవరూ అనలేదు, ఉన్నాడనీ అనలేదు. ఈ వానకు ముందే రెండు వానాకాలాలు గడిచాయి. మద్దయ్యతో కలిసి తేనె తీసిన ఎర్రయ్య, తనతో ఉంటావా అని ఆమెను అడిగాడు. వాన తగ్గినాక చెబుతానంది.

గొడుగులు లేతగా ఉంటే గూడెంలో కోయరు. పక్కనున్న గడ్డిని కూడదీసి ముడి వేసి పోతారు. ఎదిగాక వచ్చి కోసుకుంటారు. ముడి వేసినవాడి ఇంటివాళ్ళు తప్ప ఇంకొకరు అక్కడ చెయ్యి పెట్టరు. ఎవరి ముడి వారిదే. మద్దయ్యది ఎడమవైపు మెలి, కొన లోపలికి దోపేవాడు.

ఆ ముడి ఒక ఉదయం ఆమెకు కొండ మీది గడ్డి బయల్లో కనిపించింది. ఇంకా పచ్చగా ఉంది.

"అత్తా, ఆయన వచ్చినాడు," అంది ఇంటికొచ్చి.

రాజమ్మ పొయ్యి ఊదడం ఆపలేదు. "యాడ?"

"పైన బయల్లో ముడేసి పోయినాడు."

"నా కొడుకు ఆకలి నాకు తెల్దా? వస్తే ముందు కూటికాడికి వస్తాడు గానీ గొడుగులకాడికి పోతాడా?"

"సిగ్గయి ఉంటాది."

"వానికా?" రాజమ్మ నవ్వింది. "సరే, ఇంటాయన ముడే గదా. కోసుకరా, పులుసు కాస్తా."

"నేను కోయను. ఆయనే వచ్చి కోస్తాడు."

రోజూ పోయి కూర్చునేది. తుంపర పడుతుంటే గొడుగు కొమ్మలు కదిలినట్టుండేవి. గడ్డి నీటి తీగలా ఊగేది. పైన ఎక్కడో పడవ పోతున్నట్టు మబ్బు పోయేది. అందులోంచి ఒక మనిషి మెల్లగా మునుగుతూ తన దగ్గరికి దిగుతాడనుకునేది. దిగలేదు. కొమ్మల కొనలు గోధుమ రంగుకు తిరిగాయి.

దిగింది ఎర్రయ్య, అదీ పై చరియ మీంచి, తేనె తాడు భుజానేసుకుని.

"ఏం చూస్తాండావు తిరుపాలమ్మా? ముదిరిపోతాండాయి గదా, కోసుకో."

"ఆయన ముడి ఇది."

"ఆయన ముడే. ఏసింది నేను."

ఆమె వంగి ముడి మెలి చూసింది.

"నా ముడి ఏస్తే నువ్వు తాకవు. ఆయనది ఏస్తే మా ఇంటిదే అని కోసుకుంటావనుకుంటి. ఇట్ల కాపలా కూచుంటావని నాకేం తెలుసు?"

"ఆ మెలి యాడ నేర్చుకుంటివి?"

"తాడు ముడి నేర్పిందే ఆయన గదా."

వాన తెరిపిచ్చింది. నీళ్ళు తీసేసినట్టు అడవి ఉత్త అడవిగా నిలబడింది. తిరుపాలమ్మకు ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. వేలు పెట్టి ముడి విప్పింది. గడ్డి మాత్రం వంగిన చోటే వంగి ఉండిపోయింది. చేదెక్కిన కొనలు తుంచి పారేసి, మిగిలింది ఒడిలో వేసుకుంది. అత్తకు పులుసు కావాలి.

"ఇంకెప్పుడూ ఆయన ముడి ఏయొద్దు," అంది లేస్తూ. "నీది ఏయి. తాకుతానో లేదో నేను చూసుకుంటా."

మర్నాడు వాగు అవతల ఇంకో పగడపు గుత్తి కనిపించింది. పక్కన గడ్డి ముడి, కుడివైపు మెలి. తిరుపాలమ్మ దాని ముందు చాలాసేపు కూర్చుంది. పైన మబ్బు ఒకటి పోయింది. దాన్ని పోనిచ్చి, కోసుకుంది.