ఒక్క కంపెనీకే కొట్టే గంట

కళ్లద్దాల షాపులో లెన్సులు అరగదీసే అతనికి ఒకచోట కాలు నిలవదు. ఆదివారం తెల్లారుతూనే కరెంటు సైకిలు తుడిచి, వారంటీ కార్డు జేబులో ఉందో లేదో మూడుసార్లు తడుముకుంటాడు. "ఆ కార్డుకిచ్చే విలువలో సగం నాకివ్వచ్చుగా," అంటుంది భార్య. కొండదారిలో తన సైకిలు కంపెనీదే ఇంకోటి ఎదురొస్తేనే పలకరింపుగా గంట కొడతాడు. మిగతావాళ్లను చూడనట్టే పోతాడు.

మొన్న సగం ఎత్తులో మోటారు ఆగిపోయింది. వెనక వస్తున్న ఒకామె ఆగి, "మూత విప్పి చూడనా అన్నయ్యా?" అంది.

"వద్దమ్మా, సీలు తీస్తే వారంటీ పోతుంది," అన్నాడతను, మోటారు మీంచి చూపు తిప్పకుండానే.

"అయితే ఎక్కి తొక్కండి."

ఆమె తన సైకిలు దిగకుండానే అతని వీపున అరచెయ్యి ఆనించి, కొండ పైదాకా నెట్టుకొచ్చింది. అతను రొప్పు తీర్చుకుని తల తిప్పేసరికి మలుపు దాటేసింది.

కంపెనీవాళ్లు వారంటీ కిందే మోటారు మార్చారు. అయినా అతనికి మనసు కుదురుగా లేదు. ఆమె మొహం చూడలేదు, సైకిలు మీద కంపెనీ పేరూ చూడలేదు. ఇప్పుడు ఎదురొచ్చిన ప్రతి సైకిలుకీ ముందుగా తనే గంట కొడుతున్నాడు.