బంగారు బొంత మీద నూనె మరక

ఆదోని జిన్నింగు మిల్లులో పనిచేసే ఆడవాళ్లను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. కనురెప్పల మీద దూది ఉంటుంది. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సెక్కి వచ్చి ఆ మిల్లులో నేను నాలుగేళ్లు పనిచేశాను. మిల్లు నడవని నెలల్లో పాత చీరలు పేర్చి బొంతలు కుట్టేదాన్ని. ఆ కుట్టు మా పుట్టినూరు మాధవరంలో మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. బొంత మందంగా ఉంటే సూది దిగదు. అందుకని నాలుగు కుట్లకొకసారి సూదిని చెవి పైన జుట్టులో దూర్చి తీస్తాం. తలకు పెట్టుకున్న నూనె అంటుకొని సూది సులువుగా దిగుతుంది. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పేది కాదు. చెయ్యి దానంతట అదే తలమీదికి పోతుంది.

ఈ అలవాటు ఒక మనిషి పనిని పోగొట్టింది. ఆ మనిషి నేను కాదు.

ఆమెది ఆదోని. వాళ్ల ఇళ్లలో అక్కను పిలిచినట్టే మిల్లులో అందరం ఆపా అనేవాళ్లం. నాకంటే పదేళ్లు పెద్దది. ఆమె కుట్టిన బొంత తిరగేసి చూసినా కుట్టు ఒకేలా ఉండేది. బెంగళూరులో ఆకాశంలోకి పంపే ఉపగ్రహాలకు తొడుగులు కుట్టే షెడ్డు ఒకటుందని, చేతికుట్టు బాగా వచ్చినవాళ్లు కావాలని వాళ్ల బంధువులెవరో చెప్పారు. ఆపా తనతో పాటు నన్నూ రమ్మంది. నేను నవ్వాను. దానికి చలేస్తుందా అన్నాను.

“నవ్వొద్దు సెల్లె. ఆడ ఎండ పడిన పక్క కాలిపోతాదంట, నీడ పక్క గడ్డ కట్టుకపోతాదంట. దానికీ బొంత కావల్ల,” అంది.

ఇద్దరం రైలెక్కాం.

షెడ్డు ఒక కాంట్రాక్టరుది. లోపలికి పోవాలంటే ముందు ఒక చిన్న గదిలో నిలబడాలి. నాలుగు వైపుల నుంచి గాలి కొట్టి ఒంటిమీది దుమ్మంతా దులిపేస్తుంది. తెల్లకోటు, తలకు టోపీ, చేతులకు తొడుగులు. పూలు, కుంకుమ, గాజులు, కాటుక ఏవీ ఉండకూడదు. దూదిలో పుట్టి పెరిగినట్టున్న మాకు అక్కడ ఒక్క పోగు కనిపించినా నేరమే. ఉల్లిపొర కంటే పలుచని రేకులు, ఒకవైపు బంగారు రంగు, ఒకవైపు వెండి రంగు. రేకుకూ రేకుకూ మధ్య వల లాంటి గుడ్డ. అలా పొరలు పొరలుగా పేర్చి అంచులు చేత్తో కుట్టాలి. కుట్టు బిగిస్తే పొరలు అణిగిపోయి పనికిరావు. వదులైతే ఊడిపోతుంది. ఎంత బిగించాలో మా వేళ్లకు తెలుసు. మాకు చూపించడానికి వచ్చిన ఇంజనీరు మేడం, ఆపా కుట్టిన అంచును చాలాసేపు చూసి, ఇది మేము నేర్పేది కాదు అని ఒప్పుకుంది.

తలకు నూనె పెట్టొద్దని మొదటిరోజే చెప్పారు. గాలి లేని చోట నూనె ఆవిరై ఉపగ్రహానికి ఉండే కెమెరా అద్దాన్ని పట్టుకుంటుందని, ఇక అది దేన్నీ చూడలేదని మేడం వివరించింది. ఆపా ఆ మాట విన్నప్పటి నుంచి నూనె సీసా ముట్టుకోలేదు. నేను ఆదివారాలు పెట్టుకునేదాన్ని. తల వేడెక్కుతుంది, ఏం చేసేది? సోమవారం పొద్దున షాంపూతో రుద్దుకుంటే చాలనుకున్నాను.

ఆరోజు సోమవారమే. పెద్ద తొడుగు, బల్లకు ఇటు నేను, అటు ఆపా. నావైపు మూల దగ్గర పట్టీ కలిసే చోట పొరలు ఎక్కువై సూది దిగలేదు. చెయ్యి ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదని ఆ తరువాత నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. గుర్తుంది. టోపీ అంచు కింద, చెవి పైన, సూది ఉంది. తీశాను. చుట్టూ చూశాను. కుట్టాను.

మరునాడు మేడం దీపం పెట్టి చూస్తే ఆ మూలన నూనె మరక కనిపించింది. అందులో ఒక నల్లటి వెంట్రుక ముక్క. ఆపా జుట్టు గోరింటాకు పెట్టి ఎర్రగా ఉంటుంది. ఎవరైనా ఆమె టోపీ తీయించి చూసుంటే అక్కడితో తేలిపోయేది. ఎవరూ చూడలేదు. నెల ముందు పై అధికారులు షెడ్డు చూడటానికి వచ్చినప్పుడు, నడుములు పోతున్నాయి, పీటలకు ఆనుకునే చెక్కలు వేయించండని ఆపా వాళ్ల ముందే అడిగింది. అప్పటి నుంచి సూపర్‌వైజరుకు ఆమె మీద కోపం. అతనిది అనంతపురం వైపు. నన్ను విడిగా పిలిచి, బల్ల దగ్గర మీరిద్దరే ఉన్నారు కదా అన్నాడు. అవునన్నాను. నువ్వు చేశావా అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

అతను ఇంగ్లీషులో రాసిన కాగితం నా ముందు పెట్టాడు.

“ఏం లేదమ్మా, అడిగినామని రాసుకున్నాం. వేలు పెట్టు.”

పెట్టాను.

మరుసటి పొద్దు ఆపాను గేటు దగ్గర ఆపేశారు. ఎందుకని అడిగితే సూపర్‌వైజరు ఆ కాగితం చూపించి, నువ్వు చేసింది మీ ఊరామే చూసిందంట, వేలు కూడా పెట్టింది అన్నాడు. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆపా ఆ కాగితం మీది నల్లటి ముద్రను చూసింది, తరువాత నా చేతిని చూసింది. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు నా నల్లజుట్టు అందరికీ చూపిస్తుంది అనుకున్నాను.

“నిన్నటి నా బువ్వ డబ్బా లోపలే ఉండాది. తెచ్చియ్యి సెల్లె,” అంది.

లోపలికి పోయి డబ్బా తెచ్చిచ్చాను. మళ్లీ లోపలికి పోయి టోపీ పెట్టుకొని పనిలో కూర్చున్నాను. ఆ తరువాత రెండేళ్లు, చూపు మందగించేదాకా అక్కడే కుట్టాను.

ఎమ్మిగనూరుకు తిరిగొచ్చాక ఒకరోజు హోటలు ముందు టీవీలో రాకెట్టు పోతుంటే జనం గుమిగూడారు. టీవీలో సైంటిస్టులు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. అంతకుముందు తీసిన బొమ్మలో ఉపగ్రహం బంగారు రంగులో మెరుస్తూ కనిపించింది. అలాంటి తొడుగులు నేనూ కుట్టానన్నాను. టీ తాగుతున్న ఒకాయన, “అవులేమ్మా, దానికి గుండీలు, కాజాలు గూడా నువ్వే కుట్టింటావు,” అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను నమ్మలేదని నాకు కోపం రాలేదు. టీవీలో మెరిసే ఆ అంచుల్లో ఆపా కుట్టు ఉందో లేదో, ఉంటే ఆ సంగతి చెప్పేవాళ్లు ఎవరున్నారో అనిపించింది. చెప్పాల్సింది నేను. నేను చెప్పింది నా గురించి.

అక్షరాలు నేర్చుకున్నది ఏభై దాటాక. మా వీధి అంగన్‌వాడీలో మధ్యాహ్నాలు పదిమంది ఆడవాళ్లం పలకలు పట్టుకొని కూర్చునేవాళ్లం. అందరూ ముందు తమ పేరు నేర్చుకున్నారు. చదువు వచ్చి ఉంటే ఆ కాగితం మీద వేలు పెట్టేదాన్ని కాదు కదా అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ కాగితంలో ఏముందో చదవకుండానే నాకు తెలుసు. కాకపోతే తెలియదని చెప్పుకోవడానికి చదువు రాకపోవడం పనికొచ్చింది. నేను పూర్తిగా రాయగలిగిన మొదటి వాక్యం, సూదిని జుట్టులో దూర్చింది నేనే అని. పంతులమ్మ చూసి ఇదేం వాక్యమమ్మా అంది. బొంతల పని గురించి అన్నాను.

పోయిన నెల ఒక కాగితం మీద జరిగిందంతా వరసగా రాసి, కింద సంతకం చేసి ఆదోనికి పోయాను. ఆపా వరండాలో బొంత కుడుతోంది. బెంగళూరులో మాట పాకిపోవడంతో ఆమెను ఇంకే షెడ్డు వాళ్లూ తీసుకోలేదు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. కాగితం ఇచ్చాను.

“నాకు సదువు రాదు కదా. నువ్వే సదువు,” అంది.

చదివాను. కొన్నిచోట్ల తడబడ్డాను. అయిపోయేదాకా ఆమె కుడుతూనే ఉంది.

“ఆ పొద్దే నేను సూసినా. నువ్వు సూది తీసేది,” అంది.

మరి సూపర్‌వైజరుతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నువ్వు సెప్తావని కూచున్నా.”

కాగితాన్ని ఆమె ఒడిలో పెట్టబోయాను. చేత్తో పక్కకు తోసింది. “ఈడ పెట్టొద్దు. మా మనవరాలికి సదువొస్తాది. పనిలోంచి నన్ను తరిమినారని దానికి తెలీదు. నాకు నేనే మానుకొని వచ్చినా అని సెప్పినా.” దారం లాగి, “బస్సు పోతాది, లెయ్యి,” అంది. సూదిని తెల్లబడిన జుట్టులో దూర్చి తీసి, మళ్లీ కుట్టుకోసాగింది.

ఎమ్మిగనూరు బస్సులో కాగితం తెరిచి మళ్లీ చదువుకున్నాను. అక్షరాలన్నీ కుదురుగా ఉన్నాయి.