పటిక స్ఫటికం

మా మెదక్ కాలేజీ ల్యాబ్ అటెండర్ అనగానే, చేతులు వెనక్కి కట్టుకుని బీకరులోకి వంగి చూసే మనిషి గుర్తొస్తాడు. సైన్స్ ఎగ్జిబిషన్ కోసం ఆయన పటిక నీళ్లలో దారానికి ఒక స్ఫటికాన్ని నెలరోజులు పెంచాడు. చూస్తానని బతిమాలి తీసుకుని, నేను జారవిడిచాను. ఒక మూల విరిగింది. ఏడుపు ఆగలేదు.

"పరేషాన్ గాకు బిడ్డా. మళ్ల గా నీళ్లల్లనే ఏలాడదియ్యి. పోయిన మూలను గదే పెంచుకుంటది," అన్నాడు.

వేలాడదీశాను. రోజూ ఆయన పక్కనే నిలబడి చూశాను. వారం దాటేసరికి విరిగిన చోటు నిండి, మూల మళ్లీ పదునుగా వచ్చింది.

ఎగ్జిబిషన్ నాడు బీకరు ముందు చీటీ మీద నా పేరుంది.

"పెంచింది మీరు కదా సార్?" అన్నాను.

"నేను గిట్లాంటియి శానా పెంచిన బిడ్డా. ఇరిగినదాన్ని పెంచింది నువ్వే," అన్నాడు.