మైనస్ ఒకటికి తెరుచుకున్న తలుపు

మొన్న ఆత్మకూరులో ఒక లారీ ఆఫీసు ముందు నిలబడి ఉంటే, లోపల పాత డాట్ మాట్రిక్స్ ప్రింటరు కీచుమంటూ కాగితం కక్కడం మొదలుపెట్టింది. నా అరచేతులకు చెమట పట్టింది. పక్కనున్నాయన "ఏంది సార్, షుగరా?" అన్నాడు. కాదు, దీవెనమ్మ మేడం అని చెబితే ఆయనకేం అర్థమవుతుంది?

తొంభైల చివర్లో ఆ రోడ్డులోనే, ఒక మేడ మీద, ఇలాంటి ప్రింటరు మోత మధ్యే ఆమె కంప్యూటర్ సెంటరు నడిపేవారు. మద్రాసులో కొన్నేళ్లు ప్రోగ్రాములు రాసి, సొంతూరు ఉదయగిరికి తిరిగొచ్చి, రోజూ బస్సులో ఆత్మకూరు వచ్చిపోయేవారు. నేను ఆమె దగ్గర లాబ్ చూసుకునేవాణ్ణి. మా నాయనది పప్పుల కొట్టు. ఆపరేటింగ్ సిస్టంలో అన్నిటికంటే లోపలి భాగాన్ని కర్నెల్ అంటారనీ, అంటే గింజలోని పప్పనీ ఆమె చెప్పినప్పుడు, ఇంటి వ్యాపారం ఎట్టకేలకు నా చదువుకు పనికొచ్చిందని సంతోషించాను.

సెంటర్లో ఒకే పెద్ద మెషీన్, దానికి తీగలతో తగిలించిన టెర్మినళ్లు, అంటే ఉత్త తెరా కీబోర్డూ. డిప్లొమా పరీక్ష కూడా దానిమీదే. పరీక్ష నాలుగు రోజులుందనగా మద్రాసు నుంచి మేడం స్నేహితురాలు ఫోన్ చేసి, మా కర్నెల్‌లో ఒక బొక్క బయటపడిందని చెప్పింది. ఏ ప్రోగ్రామైనా ఫలానా నంబరు గడిలోని సమాచారం కావాలని అడిగితే, ఆ నంబరు వందకు మించిందా అని మాత్రమే ఆ కర్నెల్ చూస్తుంది. మైనస్ ఒకటి అని అడిగితే, వందకు తక్కువే కదా అని తలుపు తీసేస్తుంది. లోపలికి వెళ్లినవాడు ఇక ఆ మెషీన్‌కు యజమాని. ప్రశ్నపత్రం చూడొచ్చు, పక్కవాడి జవాబులు చెరిపేయొచ్చు.

"మన పిల్లకాయలకు ఇదంతా తెలిసుంటాదా మేడం?"

"ఒక్కడికి తెలిసినా చాలు. పరీక్ష రద్దయితే అందరికీ ఏడాది పోతాది."

ఇంటర్నెట్ అప్పటికి మా ఊరిదాకా రాలేదు. సవరణను అక్కడ ప్రింటు తీసి, నెల్లూరు మీదుగా బస్సు కండక్టర్ల చేతికిచ్చి పంపించారు. ఆ కాగితాలు చూసి మేం టైపు చేయాలి. ఉదయగిరిలో వాళ్ల చర్చిలో ఆడవాళ్లు వరుసగా కూర్చుని బైబిలు తలా ఒక వచనం చదువుతారట. మేడం కోడ్ కూడా అలాగే చదివించేవారు. తెర మీది వరుస నేను పైకి చదివితే, ఆమె కాగితం మీద వేలు పెట్టి సరిచూసేవారు. తర్వాతి వరుసకు కుర్చీలు మారాలి.

"ఎందుకు మేడం ఈ కుర్చీలాట?"

"ఒకే కన్ను అదే తప్పును మళ్లీ మళ్లీ వదిలేస్తాది. లెయ్యి."

సవరణ చిన్నదే గానీ, దాని పుణ్యాన నా మోకాళ్లు అరిగాయి.

పరీక్ష రోజు రానే వచ్చింది. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. ఆమె బస్సు దిగేలోపే కొత్త కర్నెల్ తయారుచేసి, మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేసి, గుమ్మంలోనే ఎదురెళ్లాను.

"అయిపోయింది మేడం."

ఆమె బ్యాగు కూడా దించకుండా ఒక టెర్మినల్ ముందు కూర్చుని, విద్యార్థి పేరుతో లోపలికి వెళ్లి, పది వరుసల ప్రోగ్రాం రాసి, కర్నెల్‌ను మైనస్ ఒకటి అడిగారు. అది ఎంతో మర్యాదగా తలుపు తీసింది.

"ఏందిరా శీనా, అయిపోయిందన్నావు. ఏడ అయిపోయింది?"

కొత్త కర్నెల్‌ను డిస్కులో పెట్టాను గానీ, ఆన్ అయ్యేటప్పుడు దాన్నే ఎత్తుకోమని మెషీన్‌కు చెప్పే ఒక్క ఆజ్ఞ మరిచాను. అది నమ్మకంగా పాతదాన్నే లేపింది. కర్నెల్ అంటే పప్పే గనక, నేను సరిగ్గా పప్పులోనే కాలేశాను. గడియారం పదకొండున్నర చూపిస్తోంది. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా కరెంటు కోత. ఈసారి మెషీన్ అసలు లేవకపోతే పరీక్ష లేనట్టే.

"మీరు చెయ్యండి మేడం. నాకు భయంగా ఉండాది."

"ఉండనీ. పాతదాన్ని మాత్రం తీసెయ్యబాకు. కొత్తది లెయ్యకపోతే అదే దిక్కు."

ఆమె కీబోర్డు ముట్టుకోలేదు. ఆజ్ఞ ఇచ్చి మెషీన్‌ను మళ్లీ లేపాను. తెర మీద ఒక్కో వరుసే పాకింది. లేచింది. ఆమె మళ్లీ మైనస్ ఒకటి అడిగారు. కుదరదంది. మైనస్ రెండు. మైనస్ వెయ్యి. దేనికీ కుదరదనే జవాబు. వెంటనే కరెంటు పోయింది. ఒకటిన్నరకు వచ్చింది. పరీక్ష జరిగింది.

పిల్లలందరూ వెళ్లిపోయాక మేడం అడిగారు. "భయం పోయిందా?"

"ఇంకా లేదు మేడం."

"పోనియ్యబాకు. ఇంకెప్పుడూ అయిపోయిందని చెప్పబాకు. పగలగొట్టలేకపోయినానని చెప్పు."

ఆ మాట మీదే ఇన్నేళ్లుగా బతుకుతున్నాను. ఇప్పుడు నా కింద ప్రోగ్రాములు రాసేవాళ్లు బొక్క పూడ్చేశామని చెప్పగానే, నేను దొంగనై అదే దారిన లోపలికి దూరడానికి చూస్తాను. దూరలేక ఓడిపోయిన రోజున కడుపునిండా అన్నం తింటాను. గెలిచిన రోజున ముద్ద దిగదు.