నిద్ర డైరీలో ఏడు గంటలు

నిద్ర పట్టనివాళ్ల ఇళ్లకు పోయి, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో అడిగి రాసుకోవడం ఏడాదిన్నర పాటు నా ఉద్యోగం. జగిత్యాలలో ఒక డాక్టరు మేడమ్, బిళ్లలు లేకుండా నిద్రలేమిని నయం చేసే పద్ధతి మీద పరిశోధన చేస్తుండేది. చేరినవాళ్లకు చీటీలు తీసి సగం మందికి ఆ పద్ధతి నేర్పేవాళ్లం. మిగతా సగానికి మామూలు సలహాల కాగితం ఇచ్చేవాళ్లం. ఎవరి నిద్ర ఎంత బాగుపడిందో చివర్లో పోల్చి చూడాలి. సోమవారం జగిత్యాల, బుధవారం కోరుట్ల, శుక్రవారం సిరిసిల్ల నా వంతు.

అప్పటికి నేను భర్త నుంచి విడిపోయి ఏడాది. మాది బుగ్గారం. అక్కడికి పోతే ప్రతి ఒక్కరికీ సంగతంతా మొదటి నుంచి చెప్పాలి. అందుకని జగిత్యాలలోనే మేడ మీద గది ఒకటి కిరాయికి తీసుకున్నాను. కింద ఇంటివాళ్లు మంచివాళ్లే కానీ నీళ్ల మోటరు గురించి తప్ప మాట్లాడేవాళ్లు కాదు. సాయంత్రం తలుపు తీసి లోపలికి పోతే, మర్నాడు బస్సులో టికెట్ అడిగేదాకా నా గొంతు నేను వినేదాన్ని కాదు. నాకూ నిద్ర పట్టేది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మేం అందరినీ అడిగే నిద్ర ప్రశ్నల కాగితం ఒకటి నా గురించే నింపి మార్కులు లెక్కవేశాను. పరిశోధనలో చేర్చుకోవడానికి సరిపోయేన్ని వచ్చాయి. కాగితం చించేసి, మర్నాడు కోరుట్ల బస్సెక్కాను.

సిరిసిల్లలో నా జాబితాలో ఒకాయన ఉండేవాడు. యాభై ఎనిమిదేళ్లు. కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. తండ్రి తాటిచెట్టు మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాక ఆ పని వద్దనుకుని, చిన్న వయసులోనే సాంచాల మీద చేరాడు. కరెంటు మగ్గాలను అక్కడ సాంచాలంటారు. ముప్ఫై ఏళ్లు రాత్రి షిఫ్టులోనే బట్ట నేశాడు. ఆ కార్ఖానా మూతబడింది. భార్య కోరుట్లలో బిడ్డ దగ్గర ఉండేది. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మొదటి రోజే అన్నాడు. "సాంచాల సప్పుడుల నిలవడి కునికేటోన్ని బిడ్డ. ఇప్పుడు ఇల్లంత సప్పుడు లేకుంటైంది. కన్ను మూతవడ్తలేదు."

చీటీలో ఆయనకు పద్ధతే వచ్చింది. వినడానికి అది వింతగా ఉంటుంది. నిద్రపోయేది నాలుగైదు గంటలే అయితే, మంచం మీద ఉండాల్సిందీ ఆ నాలుగైదు గంటలే. ఆయన రాత్రి పన్నెండున్నర దాకా నడుం వాల్చకూడదు, పొద్దున అయిదున్నరకల్లా లేవాలి, పగలు కునుకు తీయకూడదు. కొన్నాళ్లకు ఒంటికి మంచం చూడగానే నిద్రపోవడం అలవాటవుతుంది. అప్పుడు కొంచెం కొంచెంగా గంటలు పెంచుతాం.

"పన్నెండున్నర దాక ఒక్కన్ని ఏం జెయ్యాలె?" అని అడిగాడు.

"టీవీ వద్దు కాకా, ఫోన్ వద్దు. ఏదన్న సదువుకో."

"నాకు సదువెక్కడిది బిడ్డ? అంకెలు వస్తయి, నా పేరు వస్తది. గంతే."

మాకిచ్చిన కాగితాల్లో దీనికి జవాబు లేదు. రోజూ ఎన్ని గంటలు పడుకున్నాడో రాసే డైరీలో అంకెలు వేస్తే చాలని చెప్పి, వేసే తీరు చూపించాను. రాత్రి కదలికలు నమోదు చేసే పట్టీని గడియారంలా చేతికి కట్టి వచ్చాను.

మొదటి రెండు వారాలూ డైరీలో మూడు గంటలు, మూడున్నర ఉండేవి. మూడో వారం నాలుగున్నర. మంచం మీది గంటలు పెంచుతూ పోతే ఆ తర్వాత అయిదు, ఆరు, చివరికి ఏడు. నేను పొంగిపోయాను. మేడమ్‌కు ఫోన్ చేసి మరీ చెప్పాను. శుక్రవారం వస్తోందంటే మనసు కుదుటపడేది. ఆయన నా కోసం చాయ్ పెట్టేవాడు, చక్కెర ఎక్కువేసి. నాకు అంత తీపి పనికిరాదని ఒక్కసారి కూడా అనలేదు.

ఒకరోజు ఆఫీసులో ఆయన పట్టీలోని లెక్క కంప్యూటర్‌లో తెరిచాను. ఒంటిగంటకు నడిచాడు. రెండున్నరకు నడిచాడు. నాలుగింటికి మళ్లీ నడిచాడు. అన్ని రాత్రులూ అంతే. డైరీ తీసి పక్కన పెట్టుకుని చూస్తే, వారం రోజుల అంకెలూ ఒకే పెన్నుతో, ఒకే ఊపున వేసినట్టున్నాయి.

ఆ శుక్రవారం డైరీ ఆయన ముందు పెట్టాను.

"కాకా, నువ్వు నిజంగ ఏడు గంటలు పంటున్నవా?"

ఆయన గ్లాసు కింద పెట్టి, "లేదు బిడ్డ" అన్నాడు.

"మరెందుకు రాసినవ్?"

"మొదట్ల మూడు గంటలంటే నీ మొఖం చిన్నవోయింది. ఐదంటే నవ్వినవ్. ఏడంటే మస్తు సంబురపడ్డవ్. వారానికొక్కపారి వస్తవ్. గంత దూరం బస్సుల వచ్చినదాన్ని ఉత్తగ బాధపెట్టుడెందుకని."

నాకు కోపం రావాలి. రాలేదు. రెండు నెలల పని పాడైందని చెప్పాలి, చెప్పలేకపోయాను. బస్సులో జగిత్యాల చేరేదాకా ఆయన మాటే. ఆయన తప్పులో నా మొహానికీ భాగముంది. అడిగేవాళ్లం సంతోషం గానీ బాధ గానీ పైకి చూపకూడదని మాకు ముందే నేర్పారు. నేను చూపించాను.

దాచిపెట్టే వీలు లేదు. పట్టీ లెక్క ఎలాగూ మేడమ్ చూస్తుంది. మర్నాడు నేనే పోయి చెప్పాను. ఆమె తిట్టలేదు.

"ఆయన డైరీ లెక్కల పెట్టలేమమ్మా. కారణం రాసి సంతకం చెయ్యి. మిగిలిన వారాలు ఆ ఇంటికి వేరే ఆమెను పంపుత" అంది. "నువ్వు చెడ్డ పని చేసినవని కాదు. దగ్గరైనవ్. దగ్గరైతే నిజం చెప్పరు."

కారణం అన్న గడిలో "సమాచారం నమ్మదగినది కాదు" అని రాశాను. అంత మర్యాదైన మనిషి గురించి ఆ మాట రాయడానికి చేయి రాలేదు. అయినా రాశాను.

తర్వాతి శుక్రవారాలు నేను సిరిసిల్లలో వేరే గల్లీలు తిరిగాను. ఆయన గల్లీ ముందు నుంచి ఆటో పోతుంటే అటు చూసేదాన్ని కాదు. పరిశోధనలో ఆయన వంతు ముగిసిందని తెలిశాక, ఒక ఆదివారం సొంత చార్జీలతో పోయాను. చేతిలో డైరీ లేదు, పెన్ను లేదు.

నన్ను చూసి ఆయన ఏమీ అడగలేదు. కుర్చీ తుడిచి వేశాడు.

"గా కొత్తామెకు నిజమే చెప్పిన. మూడు గంటలే అని" అన్నాడు, నన్ను ఓదార్చినట్టు.

"మంచి పని చేసినవ్ కాకా."

చాయ్ తాగుతున్నాం. ఉన్నట్టుండి నా మొహంలోకి చూసి, "మరి నువ్వు పంటున్నవా బిడ్డ?" అని అడిగాడు.

ఎన్ని ఇళ్లలోనో, ఎందరినో నేను అడిగిన ప్రశ్న అది. నన్ను అడిగినవాళ్లు అంతవరకు లేరు. "పంటున్న. మంచిగనే పంటున్న" అన్నాను. ఆయన తలూపాడు. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు. మాట మార్చి, ఎండలు ముదిరాయని చెప్పుకున్నాం. బస్టాండు దాకా వచ్చి నన్ను జగిత్యాల బస్సు ఎక్కించి పోయాడు.

పరిశోధన ముగిసింది. చాలామందికి ఆ పద్ధతి మేలు చేసిందని మేడమ్ చెప్పింది. అది నిజం, నేనే చూశాను. కోరుట్లలో బీడీలు చుట్టే ఒకామె ఏళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయానని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయనకు మాత్రం పని చేయలేదు. ముస్తాబాద్ వైపు వడ్ల గోదాముకు రాత్రి కాపలా పనికి కుదిరానని ఒకసారి ఫోన్ చేశాడు. తెల్లారి ఇంటికి వచ్చి పడుకుంటే పది దాకా మెలకువ రావట్లేదట. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతులో కొంచెం సిగ్గు వినబడింది, మేం నేర్పినదానికి విరుద్ధంగా బాగుపడినందుకు. భార్య సంగతి ఆ రోజూ నేను అడగలేదు.

నేను జగిత్యాలలోనే రక్తపరీక్షల ల్యాబులో చేరాను. ఒక రాత్రి ఆ పద్ధతిని నా మీదే మొదలుపెట్టాను. ఫోన్ పక్కన పడేసి, మంచానికి దూరంగా కుర్చీలో కూర్చున్నాను. పదకొండు కాకముందే గదిలో చూడాల్సినవన్నీ చూడటం అయిపోయింది. పన్నెండున్నరకు ఇంకా గంటన్నర పైనే ఉంది. చదువు రాని మనిషిని, ఖాళీ ఇంట్లో, రోజూ ఇలా కూర్చోమని చెప్పి వచ్చానని అప్పుడు అర్థమైంది.

అయినా మానలేదు. ఆరో వారానికి అయిదు గంటలు పట్టింది, ఒక్కోసారి ఆరు. ఆయనకు చెబుదామని ఫోన్ చేస్తే నంబరు పనిచేయడం లేదని వచ్చింది. మర్నాడు మళ్లీ చేశాను. అదే మాట వచ్చింది.